ఇటలీలోని అబ్రుత్సో ప్రాంతపు కొండ ఊళ్లు: అద్దె కారా, రైలు-బస్సా?

ఖర్చు: ఇద్దరికైతే రైలు, బస్సే చవక. రోమ్ నుంచి సుల్మోనా పట్టణానికి నేరుగా రైలుంది, అక్కడి నుంచి స్కాన్నో అనే కొండ ఊరికి బస్సు. నలుగురుంటే కారే గిట్టుబాటు.

శ్రమ: బస్సు టైంటేబుల్‌లో ‘ఫెరియాలే’ అంటే శనివారంతో సహా పనిదినాలు, ‘ఫెస్టీవో’ అంటే ఆదివారాలు, సెలవులు. ఈ తేడా చూసుకోకపోతే ఆదివారం సాయంత్రం కొండ మీదే చిక్కుకుంటారు. కాగితం రైలు టికెట్‌కు ఎక్కేముందే స్టేషన్‌లోని మిషన్‌లో ముద్ర వేసుకోవాలి; మరిస్తే జరిమానా.

రిస్క్: ఇది కారుకే ఎక్కువ. భారత లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పాత ఊళ్ల మొదట్లో ‘జడ్‌టీఎల్’ (అనుమతి ఉన్న వాహనాలకే ప్రవేశం) బోర్డు కనిపిస్తే లోపలికి పోనివ్వకండి. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, అద్దె కంపెనీ రుసుము దానికి అదనం. చాలా కొండ దారుల్లో నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా కారుకు మంచు టైర్లో, లేదంటే కారులో చక్రాలకు తొడిగే గొలుసులో తప్పనిసరి. స్కాన్నోకు వెళ్లే సజిట్టారియో లోయ దారి మరీ ఇరుకు.

ఎవరికేది: సుల్మోనా, స్కాన్నో చాలనుకుంటే బస్సే హాయి, ఆ లోయను కిటికీలోంచి తనివితీరా చూడొచ్చు. 1,250 మీటర్ల ఎత్తులోని సాంతో స్తెఫానో ది సెస్సానియో ఊరు, 1,460 మీటర్ల మీదున్న రొక్కా కలాషియో కోట రెండూ ఒకే రోజు చూడాలంటే మాత్రం కారే తీసుకోండి.