మాంటిస్సోరియా, ప్లేస్కూలా, తిన్నగా ఎల్‌కేజీయా?

సంక్రాంతి వెళ్లిందంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నాకు ఇదే ప్రశ్న. "మీ పాపను మార్చారటగా అక్కా, నిజంగా తేడా ఉందా?" పోయిన జూన్‌లో పాపను బెజవాడ పటమటలో మా ఇంటి పక్కనున్న ప్లేస్కూల్ మాన్పించి, కానూరు వైపు ఒక మాంటిస్సోరి బడిలో వేశాం. అంటే పిల్లలు తమకు నచ్చిన పని ఎంచుకుని, తమ వేగంతో, చేతులతో చేస్తూ నేర్చుకునే బడి. అప్పటినుంచి ఈ విషయంలో నేనేదో పెద్ద తెలిసినదాన్ని అయిపోయాను. ఐదో అంతస్తు వచ్చేలోపు చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తిన్నగా ఎల్‌కేజీ సంగతి ముందే తేల్చేస్తా. మూడున్నరేళ్ల పిల్ల చేత నాలుగు గీతల కాపీలో పేజీ నిండా ఒకే అక్షరం రాయించి, పైగా హోంవర్క్ ఇచ్చే బడి నా దృష్టిలో పోటీలోనే లేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అనీ, అక్కడ చదువు ఆటతో, చేతులతో సాగాలనీ చెప్పింది. బళ్లకు తెలియక కాదు. నోట్‌బుక్ నిండకపోతే ఊరుకోనిది మనమే. అంగన్‌వాడీలో మంచి టీచరమ్మ దొరికితే అదృష్టమే, కానీ మా వీధికి అది దూరం. నేను పంపి చూడలేదు కాబట్టి ఎక్కువ మాట్లాడను.

మిగిలినవి రెండు. ప్లేస్కూల్‌ను నేను తిట్టను. మా పాప అక్కడికి ఏడవకుండా వెళ్లింది. పాటలు, డాన్సులు, ఎల్లో డే, కృష్ణాష్టమికి గోపిక వేషం, అన్నీ అయ్యాయి. నడిస్తే రెండు నిమిషాలు. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దాటాల్సిన వాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు. ఇంకోటి, లక్కపిడతలు ముందేసుకుని అమ్మానాన్నల ఆట ఆడే పిల్లలకు ప్లేస్కూలే స్వర్గం. మాంటిస్సోరి గదిలో ఉత్తుత్తి వంటకు పెద్దగా చోటుండదు. నిజంగా కీరా ముక్కలు కోసి పక్కవాళ్లకు పెట్టాలి. మా పాప మొదటి నెలంతా "అక్కడ బొమ్మలు లేవు" అని మూతి ముడుచుకుంది.

అయినా ఎందుకు మార్చానంటే, ఒక రోజు చూసినదాని వల్ల. ఊరెళ్లాల్సి ఉండి పదిన్నరకే పాపను ప్లేస్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్లాను. పాప నేల మీద కూర్చుని బొత్తాలను రంగుల వారీగా గిన్నెల్లో వేస్తోంది. ఇంట్లో ఐదు నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోని పిల్ల, నేను గుమ్మంలో నిలబడ్డా చూడలేదు. ఇంకో పది బొత్తాలు మిగిలి ఉంటాయేమో, గంట కొట్టారు. రైమ్స్ టైమట. ఆయమ్మ వచ్చి గిన్నెల్లోవన్నీ ఒకే డబ్బాలో కుమ్మరించి పాపను లేపింది. పాప ఏడవలేదు, అడ్డం చెప్పలేదు, లేచి వెళ్లిపోయింది. మారాం చేసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఏ పనైనా మధ్యలో ఆగిపోతుందని అప్పటికే అలవాటు పడిపోయింది. ఆయమ్మను అనడానికేం లేదు. ఆమె చేతిలో ఉన్నది అరగంటకో పీరియడ్ ఉన్న టైంటేబుల్.

నేను ఇప్పుడు ఏ బడికి వెళ్లినా చూసేది అదొక్కటే. పిల్ల మొదలుపెట్టిన పనిని ఆపేది పిల్లా, గంటా?

1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచిన డాక్టర్ మారియా మాంటిస్సోరి చెప్పిన సంగతి ఒకటుంది. మూడేళ్ల పిల్ల ఒకతె చెక్క దిమ్మె గుంటల్లో సిలిండర్లు తీసి పెడుతూ కూర్చుంది. చుట్టూ పిల్లలతో పాట పాడించినా, ఆ పిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా చూపు తిప్పలేదు. నలభైకి పైగా సార్లు చేసి, తనంతట తానే ఆపి, హాయిగా నిద్ర లేచినదానిలా లేచిందట. మాంటిస్సోరి బళ్లలో పొద్దున దాదాపు మూడు గంటలు గంట కొట్టకుండా వదిలేయడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. ఆ సిలిండర్ల తమాషా ఏంటంటే, ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఇంకోటి ఎక్కడా పట్టదు. తప్పని టీచర్ చెప్పక్కర్లేదు, చెక్కే చెబుతుంది.

మా అత్తయ్యగారి అభ్యంతరం వేరు. "ఫీజు కట్టి మరీ అక్కడ గిన్నెలు కడిగిస్తున్నారా?" అంటారు. నిజమే, నీళ్లు ఒంపడం, గుడ్డ మడవడం, బల్ల తుడవడం, ఇవే మొదటి పాఠాలు. కానీ గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దిస్తారని చెప్పినప్పుడు ఆవిడే, "మా వీధిబడిలో ఇసుకలో దిద్దించేవారు, ఇదేం కొత్త" అని మెత్తబడ్డారు. నాకున్న ఫిర్యాదల్లా, మా బడిలో ఆ గరుకు అక్షరాలు ఇంగ్లిష్‌వే ఉన్నాయి. తెలుగువి అట్ట మీద నేనే చేసుకున్నాను.

ఫీజు ప్లేస్కూల్‌కు దాదాపు రెట్టింపైంది, ఆటో ఖర్చు వేరే. ఒక్క ఏడాదికైతే మాత్రం వద్దంటాను. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. మొదటి ఏడాది పెద్దవాళ్లను చూస్తూ గడిపిన పిల్ల మూడో ఏడాది చిన్నవాళ్లకు చూపిస్తుంది. యూకేజీకి కార్పొరేట్ స్కూల్లో సీటుందని మధ్యలో తీసేస్తే ఆ చివరి ఏడాది పోతుంది. అలా తీసేయాలని ముందే అనుకున్నవాళ్లు హాయిగా ఇంటి పక్క ప్లేస్కూల్లో వేసుకోవచ్చు.

ఇక బడి ముందు పెట్టే పేరు బోర్డుల సంగతి. మాంటిస్సోరి పేరు మన బెజవాడకు కొత్త కాదు. ఆ పేరుతో మహిళా కళాశాల స్థాపించిన కోటేశ్వరమ్మగారికి 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అసలు మాంటిస్సోరే 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. కానీ ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగేవాళ్లుండరు. నేను చూసిన ఒకచోట, మాంటిస్సోరి బళ్లలో పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క ఘనాలు పదీ ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి, ఒక్కదానికీ అంచు అరగలేదు. కాబట్టి సాయంత్రం కాదు, పది గంటలకు వెళ్లండి. అరగంట మూల కూర్చోనిస్తారేమో అడగండి. గోడ మీద బొమ్మలన్నీ ఒకేలా ఉంటే వేసింది టీచరే.

ఆ అద్దాల బీరువా ఉన్న బడిలోనే, పిల్లలు పనిలో ఉన్నప్పుడు గంట ఎన్నిసార్లు కొడతారని అడిగాను. "ప్రతి అరగంటకీ కొడతామండీ, మా దగ్గర డిసిప్లిన్‌కి ఏం ఢోకా లేదు" అని అడ్మిషన్ ఫారం చేతిలో పెట్టారు.