తలా తోకా లేదంటారు గానీ తల ఉంది: ఫూలీ కూలీ

ఫూలీ కూలీ అనే ఈ జపనీస్ యానిమేషన్ సిరీస్‌ని మొదటిసారి చూసినప్పుడు రెండో ఎపిసోడ్ మధ్యలో ఆపి వెనక్కి జరుపుకున్నాను, ఏదో సీన్ మిస్సయ్యానేమో అని. ఏమీ మిస్సవలేదు, అది అంతే. పసుపు రంగు వెస్పా మీద దూసుకొచ్చిన హరుకో అనే అమ్మాయి నవోతా అనే 12 ఏళ్ల పిల్లాణ్ణి గుద్దేస్తుంది, చాలదన్నట్టు బేస్ గిటార్ తీసి నెత్తిన ఒక్కటిస్తుంది, అక్కడ బొప్పి కడుతుంది, ఆ బొప్పి కొమ్ములా మారుతుంది, ఆ కొమ్ము మొలిచిన చోటి నుంచి టీవీ తలకాయ ఉన్న రోబో ఊడిపడుతుంది, తర్వాత చూస్తే ఆ రోబో వాళ్లింట్లో ఇంటిపని చేస్తూ ఉంటుంది. పైగా గుద్దిన అమ్మాయే పనిమనిషినంటూ వాళ్లింట్లో దిగిపోతుంది. ఇంట్లో ఎవరికీ ఇదేమీ వింతగా అనిపించదు.

అందుకే దీన్ని తలా తోకా లేని సిరీస్ అంటారు. తోక సంగతి చెప్పలేను గానీ తల మాత్రం కచ్చితంగా ఉంది. అంతా జరిగేది ఆ పిల్లాడి తలలోనే, తలలోంచే.

2000 ఏప్రిల్ నుంచి 2001 మార్చి మధ్య జపాన్‌లో టీవీలో కాకుండా నేరుగా వీడియోగా వచ్చింది. గైనాక్స్, ప్రొడక్షన్ ఐజీ అనే యానిమేషన్ స్టూడియోలు కలిసి తీశాయి, దర్శకుడు కజుయా త్సురుమాకి. ఇవాంజెలియన్ అనే పేరున్న యానిమేషన్ సిరీస్‌కి దాని దర్శకుడు హిడెయాకి అన్నోతో కలిసి పనిచేసినాయన. ఉన్నవి 6 ఎపిసోడ్లే, మొత్తం రెండున్నర గంటలు, ఒక పెద్ద సినిమా చూసినంత.

చూసినవాళ్లు ఎక్కువగా అనేది "బొమ్మలు అదుర్స్, కథ లేదు" అని. నాకు సరిగ్గా ఉల్టా అనిపించింది. బొమ్మలే పిచ్చెక్కినట్టు గెంతుతుంటాయి గానీ కథ చాలా తిన్నగా ఉంటుంది. నవోతా అన్న తసుకు బేస్‌బాల్ ఆడటానికి అమెరికా వెళ్లిపోయాడు. అన్న వదిలేసి వెళ్లిన బ్యాటుని వీడు ఎక్కడికెళ్లినా మోసుకు తిరుగుతాడు, కానీ ఎప్పుడూ ఊపడు. ఊపితే తగలకపోవచ్చు కదా, ఊపకపోతే ఆ భయమే లేదు. ఈ ఊళ్లో ఏ వింతా జరగదని పెద్దమనిషిలా నిట్టూరుస్తుంటాడు, నెత్తిమీద ఉన్న కొమ్ముని ప్లాస్టర్ వేసి దాచుకుంటూ. నీకేమైనా కొమ్ములు మొలిచాయా అని పిల్లల్ని తిడతాం చూడండి, ఇక్కడ నిజంగానే మొలిచాయి. నాలుగో ఎపిసోడ్‌లో అంతరిక్షం నుంచి బంతిలా ఒక బాంబు ఊరి మీదకి వస్తుంది, దాన్ని కొట్టాల్సింది వీడే. ఇంత చెప్పాక ఇందులో అర్థం కానిదేముంది?

ఇక ఆ ఇస్త్రీ పెట్టె. మబాసే అనే ఆ ఊళ్లో మెడికల్ మెకానికా కంపెనీ కట్టడం అచ్చం ఇస్త్రీ పెట్టెలా ఉంటుంది, రోజూ ఊరంతటినీ ఆవిరితో కప్పేస్తుంది. మొదట్లో ఇదో తిక్క అనుకుని వదిలేశాను. అదెందుకుందో తర్వాత తెలుస్తుంది: మెదడులో ముడతలు లేకుండా చదును చేసేస్తే ఇక ఎవరూ ఏమీ ఆలోచించలేరు. ముడతలంటే ఇస్త్రీ, ఇస్త్రీ అంటే ఆవిరి, అంతే లెక్క. ఇంత సీరియస్ ముప్పుని ఇంత చిల్లర జోకు మీద నిలబెట్టడానికి ధైర్యం కావాలి.

మమిమి దగ్గర మాత్రం నాకు ఇబ్బందే. ఈమె తసుకుని ప్రేమించిన 17 ఏళ్ల అమ్మాయి. అతను అమెరికా వెళ్లిపోయాక మిగిలిన ఖాళీని తమ్ముడితో నింపుకుంటుంది, వాడితో అతి చనువుగా ఉంటుంది. తను అంటిపెట్టుకున్న ప్రతిదాన్నీ, అది పిల్లాడైనా పిల్లి అయినా, తక్కున్ అనే ఒకే పేరుతో పిలుస్తుంది. ఆ ఒక్క వివరంలో ఆ అమ్మాయి మొత్తం కనిపిస్తుంది, అద్భుతంగా రాశారు. కానీ వయసులో పెద్దవాళ్లు ఆ పిల్లాడితో ఆడుకునే సీన్లు చాలావరకు నవ్వులో కలిపేశారు, హరుకో సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గోలలో ఏదైనా చెల్లిపోతుందన్న ధీమా అక్కడ కనిపిస్తుంది. నవోతా వాళ్ల నాన్న వేసే బూతు జోకులు కూడా అదే బాపతు, రెండోసారికే విసుగు పుట్టాయి. టైటిల్‌కి అర్థమేంటని ఆయన తల బద్దలుకొట్టుకునే సీన్ ఒక్కటి మినహాయింపు, అక్కడ తెర మొత్తం మాంగా (జపనీస్ కామిక్) పేజీ అయిపోయి కెమెరా గళ్ల మధ్య పరిగెడుతుంది, ఎవరూ అర్థం చెప్పరు.

పాటల గురించి చెప్పకపోతే పాపం. ద పిల్లోస్ అనే జపనీస్ రాక్ బ్యాండ్‌వి, చాలావరకు అప్పటికే ఆల్బమ్‌లలో వచ్చేసినవే. బొమ్మ ఎంత తిక్కగా ఉన్నా పాట మొదలవగానే ఆ సీన్ సంతోషమా దిగులా అన్నది ఠక్కున తెలిసిపోతుంది. సబ్‌టైటిల్స్ చదవడం మానేసి పాట పట్టుకుని చూసినప్పుడే నాకిది ఎక్కువ అర్థమైంది.

చివరి ఎపిసోడ్ కొంచెం తేలిపోయింది. హరుకో వెతుకుతున్న ఆటమ్స్క్ అనే అంతరిక్ష దొంగ వ్యవహారమంతా హడావిడిగా కుక్కేశారు, వాడి మీద ఆమెకి అంత పిచ్చి ఎందుకో మనకి తగలదు. 2018లో, 2023లో వచ్చిన కొత్త సీజన్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, ఈ ఆరూ విడిగా చూడాల్సినవి.

మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి నా సలహా: మూడో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. అందులో నినమోరి అని మేయర్ కూతురు, నవోతా క్లాస్‌మేట్. తండ్రి అఫైర్ బయటపడి ఊరంతా గుసగుసలు, ఈ పిల్ల మాత్రం ఏమీ పట్టనట్టు నవ్వుతూ స్కూలు నాటకం రిహార్సల్ చేసుకుంటుంది, ఆ నాటకంలో పాత్రల కోసం క్లాసులో ఓట్లు మార్చేసిందని తర్వాత తెలుస్తుంది. రోబో గొడవ ఉంది, అరుపులున్నాయి, ఆ మధ్యలో ఈ పిల్ల మొహం మీద నవ్వు ఒక్క క్షణం జారుతుంది. అది చూశాక కూడా మీకు ఏమీ అనిపించకపోతే నిస్సంకోచంగా ఆపేయండి, మిగతా మూడూ మీకు తలనొప్పే.