వెనిగర్ హిల్ ఎక్కండి, రాత్రి మాత్రం ఉండకండి

ఐర్లాండులోని ఎనిస్కోర్తీ అనే ఊళ్లో మేం దిగిన గది రాత్రికి 130 యూరోలు. హీటర్ పనిచేయదు. ఫోటోలో కిటికీ తీస్తే స్లేనీ నది, మాకిచ్చిన గదిలో కిటికీ తీస్తే చెత్తడబ్బాలు. అడిగితే, "నది గది కావాలంటే ఇంకో 25" అన్నాడు ఓనరు, తల కూడా ఎత్తకుండా. అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకుంది. ఆ గది బుక్ చేసింది నేనే కాబట్టి మా ఆవిడ పొద్దున్నదాకా నాతో మాట్లాడలేదు.

డబ్లిన్ నుంచి ఎనిస్కోర్తీకి రైలు ప్రయాణం హాయిగా సాగింది. బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్లు చేసిన 1798 తిరుగుబాటుకు ఊళ్లో ఉన్న మ్యూజియం కూడా బాగుంది. కానీ అసలు చూడాల్సింది ఊరి పక్కనున్న వెనిగర్ హిల్. టికెట్టు లేదు, కారు దాదాపు పైదాకా పోతుంది. 1798 జూన్ 21న జనరల్ లేక్ నడిపిన బ్రిటిష్ సైన్యం ఫిరంగులతో ఈ కొండను చుట్టుముట్టింది. కొండపైనున్న తిరుగుబాటుదారుల చేతుల్లో ఎక్కువగా బల్లేలే. పిల్లలూ ఆడవాళ్లూ కూడా వాళ్లతోనే ఉన్నారు. ఇప్పుడక్కడ మిగిలింది ఒక మొండి గాలిమర.

కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. తిరుగుబాటుదారుల్ని క్రాపీలనేవారట, ఫ్రెంచి విప్లవకారుల్లా జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవారు కాబట్టి. నేను చెప్పేలోపే అమ్మ, "క్రాపు చేయించుకున్నవాళ్లా!" అంది. వాళ్లు తిండికని కోటు జేబుల్లో బార్లీ గింజలు పోసుకునేవారట. చచ్చినవాళ్లను అలాగే గుంతల్లో పూడ్చేస్తే, తర్వాత ఆ గుంతల మీద బార్లీ మొలిచిందట. చెబుతూ చెబుతూ ఆయన తన కోటు జేబు బయటికి లాగి చూపించాడు. దారప్పోగులూ, కుక్క బిస్కెట్టు పొడీ రాలాయి. కుక్క ఆ పొడి నాకేసింది.

ఫాదర్ జాన్ మర్ఫీ సంగతి కూడా చెప్పాడు. మొదట ఆయుధాలు అప్పగించెయ్యమని జనానికి నచ్చజెప్పిన ఆ మతగురువే తర్వాత ముందు నిలబడి పోరాడాడు. ఆయన్ని టల్లో అనే ఊళ్లో సైన్యం ఉరితీసి, శవాన్ని తారు పీపాలో కాల్చింది.

స్కల్లబోగ్ గురించి నేనే అడిగాను. జూన్ 5న తిరుగుబాటుదారులు అక్కడి కొట్టంలో వందమందికి పైగా బందీలను తగలబెట్టారు. చాలామంది ప్రొటెస్టెంట్లు, పిల్లలు కూడా ఉన్నారు. పెద్దాయన జేబు లోపలికి తోసుకుని, "అదీ మావాళ్లు చేసిందే" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేయండి, చాలు. కొండ మీద గాలి చెవులు కోసేస్తుంది. మంకీ క్యాప్ మర్చిపోవద్దు. నేను మర్చిపోయి మా ఆవిడది లాక్కున్నాను, మళ్లీ మాటల్లేవు.