సానరాయి అంచులు నున్నబరచడానికి ఏది మేలు: డైమండ్ ప్లేటా, వాటర్ పేపరా?

కొత్త సానరాయి తెచ్చుకున్న మొదటి రోజే నా మంగలికత్తి పాడైంది. సాన పడుతుంటే 'టిక్' అని చిన్న చప్పుడు, అంతే. వాదరను దీపం కిందకు తెచ్చి చూస్తే పిడికి దగ్గర్లో ఆవగింజలో సగం కూడా లేని మెరుపు. సరిగ్గా పదునెక్కిన వాదర దీపం కింద మెరవదు. మెరిసిందంటే అక్కడ పెచ్చు ఎగిరినట్టే. ఆ పెచ్చు పోవడానికి మళ్లీ 1000 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నన) దాకా దిగి, 4000, 8000 మీదుగా పైకి రావలసి వచ్చింది. ఆదివారమంతా దానికే సరిపోయింది.

తప్పు రాయి అంచుది. సెలూన్లలో ఇప్పుడు బ్లేడు మార్చే ఉస్తరాలే కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. పాతకాలపు మంగలికత్తిని, అంటే స్ట్రెయిట్ రేజర్‌ని, ఇంట్లో సాన పట్టుకునేవాళ్లకే ఇది. కత్తిని రాయి మీద నేరుగా తోయం కదా, ఐమూలగా లాగుతాం. మొదలు నుంచి మొన దాకా వాదర మొత్తం రాయి పక్క అంచును దాటుకుంటూ పోతుంది. ఆ అంచు కోసినట్టు 90 డిగ్రీల మీద ఉంటే, కాగితంలా పల్చనైన వాదర ఒక్క చోట తగులుకున్నా చాలు. పైగా పదునైన రాయి అంచు నుంచి రేణువులు రాలి పైకి వస్తాయి, వాదర కింద పడి గీతలు పెడతాయి.

రాయి అంచు పదును తీయడానికి చాలామంది చేతికందే డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు రేణువులు అతికిన లోహపు పలక, వాడతారు. రాయి చదును చేయడానికి ఎలాగూ కొని ఉంటారు కాబట్టి. 325 గ్రిట్ (అదే, నంబరు) ప్లేటులో రేణువు సుమారు 45 మైక్రాన్లు. నాలుగు రాపిళ్లలో పని అయిపోతుంది. చిక్కల్లా అక్కడే. ప్లేటు వంగదు. 45 డిగ్రీలకు పెట్టి రాస్తే ఒక్క మూల పోయి దాని స్థానంలో రెండు చిన్న మూలలు తయారవుతాయి. కోణం కొద్దికొద్దిగా మారుస్తూ ఆ రెండింటినీ కూడా కొట్టేయాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు. కొత్త ప్లేటైతే ఇంకో జాగ్రత్త: వదులుగా ఉన్న వజ్రపు రేణువులు మొదట్లో రాలతాయి. ముందు చవక రాయి మీద కాసేపు అరగదీశాకే 12000 రాయి దగ్గరికి తేవాలి.

వాటర్ పేపర్ సంగతి వేరు. హార్డ్‌వేర్ షాపులో కొన్ని పదుల రూపాయలకు దొరికే నల్ల గరుకు కాగితమే, కార్లకు రంగు వేసేవాళ్లు వాడేది. 400 నంబరు ముక్కను తడిపి, వేలికి చుట్టి, అంచు పొడవునా రాస్తే కాగితం తనంతట తాను వంగి గుండ్రం చేస్తుంది. తర్వాత 1000 కాగితంతో ఒకటి రెండు సార్లు. మెత్తటి రాళ్ల మీద మాత్రం గట్టిగా నొక్కకండి, గుంట పడుతుంది. కాగితం రేణువులు రాయిలో ఇరుక్కోకుండా చివర బాగా కడగాలి. వంటింటి గ్రానైట్ గట్టు మీద పరిచి రాయొచ్చు కదా అంటారు. చదును చేయడానికి అది భేషుగ్గా పనికొస్తుంది (ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే), గుండ్రం చేయడానికి వేలే మేలు.

నా ఓటు పేపర్‌కే. రాయి చదునుకు ప్లేటును మించింది లేదు గానీ, అంచు దగ్గర మనకు కావలసింది వేగం కాదు, వంపు. రెండూ ఉంటే ప్లేటుతో మూల కొట్టి, పేపర్‌తో ముగించండి. అంచు పొడవునా మాత్రమే రాయండి. అడ్డంగా రాస్తే రాయి పెచ్చులు ఊడుతుంది. ఒక మిల్లీమీటరు వంపు చాలు, అంతకు మించితే పని చేసే తలమే తగ్గిపోతుంది.

అన్ని రాళ్లకూ ఈ తీర్పు చెల్లదు. అమెరికాలోని ఆర్కన్సా రాయి బాగా గట్టిది, దాని మీద పేపర్ నిమిషాల్లో చచ్చుబడుతుంది, డైమండ్ ప్లేటు కూడా త్వరగా అరుగుతుంది. దానికి గరుకైన సిలికాన్ కార్బైడ్ రాయే దిక్కు. బెల్జియం ఆర్డెన్స్ కొండల్లో దొరికే కోటిక్యూల్ అనే పసుపు సానరాయిని తరచూ నల్ల పలక రాయికి అతికించి అమ్ముతారు. అందులో పసుపు పొర పల్చన, ఎంత తక్కువ తీస్తే అంత మంచిది.

అంచు కుదిరిందో లేదో తేల్చడానికి బొటనవేలి గోరు చాలు. అంచుకు అడ్డంగా గోరు లాగండి. తెల్లటి పొడి వచ్చిందా, ఇంకా పదునుంది. గోరు జారిపోయిందా, కత్తి తీయొచ్చు. రాయిని చదును చేసిన ప్రతిసారీ ఆ వంపు కొంత కరిగి మూల మళ్లీ పుడుతుంది కాబట్టి, పేపర్ ముక్క ఒకటి రాయి డబ్బాలోనే పడేసి ఉంచుతున్నాను.