బరంపురం నుంచి ఒక రోజు: తేలినీలాపురమా, మంగళాజోడా?

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మనవాళ్లకు పక్షుల కోసం రెండు దారులున్నాయి: ఆంధ్ర సరిహద్దు దాటితే టెక్కలి దగ్గరి తేలినీలాపురం, ఉత్తరాన చిలికా సరస్సు ఒడ్డున మంగళాజోడి. తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి గనుక, పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపను లాక్కోవడం నేలమీద నిలబడే చూడవచ్చు. రెట్ట వాసన మాత్రం భరించాలి. మంగళాజోడిలో మేతే ప్రధానం. గెడతో నడిపే నాటుపడవ రెల్లు మధ్య పాయల్లో సాగుతుండగా, నల్లతోక గాడ్విట్లు అనే నీటిఒడ్డు పక్షులు పొడవైన ముక్కును మొదలుదాకా బురదలో గుచ్చుతూ బాగా దగ్గరగా కనిపిస్తాయి; ఒకప్పుడు పక్షులను వేటాడినవారిలో కొందరే ఇప్పుడు వాటిని చూపిస్తున్నారు. పెద్దవాళ్లు వెంట ఉంటే తేలినీలాపురం సులువు. కెమెరా ఉన్నవారికి, జనవరి ఉదయాన, నా ఓటు మంగళాజోడికే.