బంద్ రోజుల్లో దారి: బళ్లు ఆపడమా, కాపలానా, వంతెనా? ఏది మేలు?

ఒడిశాలోని జయపురంలో ఉండే మాలాంటి తెలుగువాళ్లకి సుంకి ఘాట్, అంటే సాలూరు వైపు దిగే కొండదారి, పుట్టింటి దారి. పెళ్లి బట్టలకి విజయనగరం, పెద్దాసుపత్రికి విశాఖ, అన్నిటికీ ఆ మలుపులే. మావోయిస్టుల బంద్ అంటే పేపర్లో వార్త కంటే ముందు మాకు బస్సు చెప్పేది. ఒకసారి పిన్నిని తీసుకుని వస్తుంటే సాలూరులోనే దింపేశారు. "సుంకి దాటదు బాబూ, ఇక్కడితో సరి" అన్నాడు డ్రైవరు. రాత్రంతా బస్టాండు బెంచీ మీదే. పిన్ని ఒళ్లో కొత్తావకాయ జాడీ. మూతకి కట్టిన గుడ్డలోంచి నూనె కారి తెల్లారేసరికి చీర కుచ్చిళ్లన్నీ ఎర్రబడ్డాయి.

ఆ రాత్రి మాకు కోపం వచ్చిందిగానీ, ఆపినవాళ్ల లెక్క వాళ్లకుంది. దాడి చేసే ఉద్దేశం, బలం ఎదుటివాడికి ఉన్నాయా? దారిలో బలహీనమైన చోటు ఎక్కడుంది? జరిగితే ఎందరు పోతారు? ఏ ప్రభుత్వమైనా ప్రయాణాల భద్రతని తూచేది ఈ మూడిటితోనే. తూచాక చెయ్యగలిగినవీ ప్రధానంగా మూడే: బళ్లు ఆపడం, ముందు మనుషుల్ని పంపి దారి చూడడం, దారినే మార్చి కట్టడం.

ఆపడంతో మొదలుపెడదాం. ఇది చవక, పైగా ఆపినవాడి మీద నింద పడదు. కానీ అన్ని చోట్లా తప్పని అనలేను. మా ఊరి మీదుగా పోయే కొత్తవలస-కిరండూల్ లైనే చూడండి. బంద్ వారాల్లో ప్యాసింజర్‌ని దంతెవాడలోనే ఆపేసేవారు. అక్కడి నుంచి కిరండూల్ దాకా అడవిలో పట్టాలు ఊడదీసి గూడ్సుల్ని పడగొట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇనుప ఖనిజం గూడ్సులు మాత్రం వేగం తగ్గించుకుని నడిచేవి. పట్టా ఒకటే, ప్రమాదమూ ఒకటే, లోపలున్నది వేరు. ఖనిజం ఒలికితే ఎత్తుకోవచ్చు. 2010 మే 28న పశ్చిమ బెంగాల్లో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు గుద్దేసరికి దాదాపు 150 మంది పోయారు. ఆ తర్వాత ఆ వైపు రాత్రి ప్యాసింజర్ రైళ్లు చాలాకాలం నిలిపేశారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఘాట్ బస్సుకి ఇదే సూత్రం పెడితే మాత్రం ఒప్పుకోను. బంద్ ఎప్పటిదాకానో చెట్టుకి అంటించిన పోస్టర్ మీద ఉండేది. బస్సు మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పేవారు కాదు. బస్సు ఆగినంత మాత్రాన జనం ఆగరు కదా. కిక్కిరిసిన జీపుల్లో, మోటారు సైకిళ్ల మీద అదే ఘాట్ ఎక్కేవారు.

రెండోది కాపలా. రైలుకైతే ముందు పైలట్ ఇంజన్, రోడ్డుకైతే రోడ్ ఓపెనింగ్ పార్టీ. జవాన్లు రెండు అంచులా నడుస్తూ, కల్వర్టుల్లోకి వంగి చూస్తూ, కొత్తగా తవ్విన మట్టి కోసం, వైరు ముక్క కోసం వెతుకుతారు. ఎండలో అడుగడుగూ చూసుకుంటూ కిలోమీటర్లు నడవడం మాటలు కాదు. రోజూ ఒకే వేళకి, ఒకే దారిన వెళ్తే చూసేవాడికి లెక్క దొరికిపోతుంది. ఆ పార్టీయే గురి అవుతుంది. చూడని రోజున ఏమవుతుందో మా దారే చెప్పింది. 2017 ఫిబ్రవరి 1న శిక్షణకి వెళ్తున్న పోలీసుల వ్యాను సుంకి దగ్గర మందుపాతరకి పేలిపోయింది. కనీసం ఏడుగురు చనిపోయారు. బండినే గట్టిగా చేస్తే సరిపోదా అంటారు కొందరు. 2008 జులై 16న ఒడిశాలోనే మల్కన్‌గిరిలో పేలింది మందుపాతరని తట్టుకునేలా తయారైన బండే. అందులో 17 మంది పోలీసులు పోయారు. బండి ఇనుము మందం పెరిగేకొద్దీ పాతరలో మందూ పెరుగుతుంది.

మూడోది వంతెన. దీన్ని ఎందుకు ఎక్కువ తూకం వేస్తానంటే, అదే మల్కన్‌గిరి జిల్లాలో చిత్రకొండ వైపు చూసినవాళ్లకి తెలుస్తుంది. బలిమెల జలాశయం వచ్చాక అవతల 151 ఊళ్లు నీళ్లకీ కొండలకీ మధ్య ఇరుక్కుపోయాయి. ఉప్పు కావాలన్నా లాంచీయే. 2008 జూన్ 29న ఆ నీళ్ల మీదే లాంచీలో వస్తున్న బలగాల మీద గట్టున ఉన్న కొండల నుంచి కాల్పులు జరిగాయి. పోయిన 38 మందిలో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వాళ్లు. నీటి మధ్య దాక్కోడానికి ఏ చెట్టుంటుంది?

అక్కడ వంతెనకి 1982లోనే శంకుస్థాపన చేశారు. టెండర్ పిలిస్తే భయపడి ఎవరూ రాకపోవడం, వచ్చినా మధ్యలో వదిలెయ్యడం. చివరికి బీఎస్ఎఫ్ జవాన్లు కాపలా ఉంటేగానీ పని సాగలేదు. 910 మీటర్ల గురుప్రియ సేతు 2018 జులై 26న తెరిచారు. మొత్తం జలాశయానికి కాపలా కాయడం ఎవరి తరం? వంతెనకైతే రెండు కొసలు. పైగా అంబులెన్సూ, రేషన్ లారీ కూడా దాటే దారి కాబట్టి, దాన్ని పేల్చేవాడు ముందు ఆ ఊరివాళ్లకే సమాధానం చెప్పుకోవాలి. అయితే ఇది ముప్పై ఆరేళ్ల మందు. ఇవాళ సాయంత్రం బస్సుకి పనికిరాదు. కాపలా లేకపోతే అదీ లేచేది కాదు.

కాబట్టి నా ఓటు ఇలా. అడవిలో రాత్రి ప్యాసింజర్ అయితే ఆపండి. ఘాట్ బస్సుని రద్దు చెయ్యకండి, దారి చూశాక రెండు గంటలు ఆలస్యంగానైనా పగలు వదలండి. డబ్బున్నప్పుడు మాత్రం పెద్ద బండి కొనేకంటే కల్వర్టు, వంతెన కట్టండి. 2018కి ముందు కేంద్రం లెక్కలో మావోయిస్టు ప్రభావిత జిల్లాలు 126, 2025 అక్టోబరుకి 11. అంకె తగ్గింది, సంతోషం. జాబితాలోంచి జిల్లా పోతే దానికొచ్చే భద్రతా ఖర్చుల డబ్బూ తగ్గుతుంది. అప్పుడు కల్వర్టులోకి వంగి చూసేవాడు మిగులుతాడా అన్నదే నా టెన్షన్.

పిన్నిది మాత్రం ఒక్కటే మాట: "ఆపితే ఆపండ్రా, టికెట్ కొట్టకముందే చెప్పండి."