బొమ్మల తరగతికి ఎ4 స్పైరల్ స్కెచ్‌బుక్: కాగితం మేలు, చిల్లుల గీత చేటు

మా పాఠశాలలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ విద్యాసంవత్సరం పలుచని డ్రాయింగ్ పుస్తకాలకు బదులుగా 140 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 140 గ్రాములు తూగే) కార్ట్రిడ్జ్ కాగితంతో, అంటే బొమ్మలు గీయడానికి వాడే మందపాటి కాగితంతో తయారైన ఎ4 స్పైరల్ స్కెచ్‌బుక్ ఇచ్చాము. చిత్రలేఖనం బోధించే ఉపాధ్యాయురాలిగా దాని మంచిచెడ్డలను ఇక్కడ వివరిస్తున్నాను.

కాగితం నిజంగా మేలైనది. జిరాక్స్ కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు తూగుతుంది. ఇది దానికి దాదాపు రెట్టింపు మందం కనుక రబ్బరుతో పదేపదే చెరిపినా నూగు లేవదు, చిరగదు. తప్పు పోతుందేమోనన్న జంకుతో పెన్సిలు ఆనీ ఆనకుండా గీసే పిల్లలకు ఈ ఒక్క గుణమే ఎంతో ధైర్యాన్నిస్తుంది. కాస్త గరుకుగా ఉండటం వల్ల 4బీ, 6బీ వంటి మెత్తని పెన్సిళ్ల ముదురు నలుపూ క్రేయాన్ల రంగూ చక్కగా పడతాయి. నీటిరంగులకు మాత్రం ఇది చాలదు. కుంచె నిండా నీళ్లు తీసుకొని ఆకాశమంతా ఒకేసారి పూస్తే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. అటువంటి పనికి 300 జీఎస్‌ఎం కాగితం విడిగా తెచ్చుకోవలసిందే. నీరు తక్కువగా కలిపిన పోస్టర్ రంగులను బాగానే తట్టుకుంటుంది.

అట్ట గట్టిగా ఉంది, పుస్తకం పూర్తిగా వెనక్కి మడతపడుతుంది. అందువల్ల పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్లి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి కొమ్మల తీరు గీయించేటప్పుడు బల్లలు లేని లోటు తెలియదు.

నాకు ఏమాత్రం నచ్చనిది ప్రతి పేజీ అంచున ఉన్న చిల్లుల గీత. బొమ్మను ప్రదర్శనకు సులువుగా చింపి ఇవ్వడానికి దానిని పెట్టి ఉండవచ్చు. కానీ తరగతిలో జరిగేది వేరు. బొమ్మ కుదరలేదనిపించిన మరుక్షణం పిల్లలు ఆ పేజీని చింపివేస్తారు, దానితో స్కెచ్‌బుక్ ఉన్న ప్రయోజనమే పోతుంది. ఇంగ్లండ్‌లో 2013 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక, పిల్లలు తాము గమనించినవాటిని స్కెచ్‌బుక్‌లో నమోదు చేసుకొని, ఆ ఆలోచనలను తిరిగి పరిశీలించుకోవాలని స్పష్టంగా చెబుతోంది. ఆ తిరిగి చూడటమే అసలు చదువు అని నా నమ్మకం. జూన్‌లో మందారాన్ని ఐదు గుండ్రని రేకులుగా గీసిన ఒక విద్యార్థిని, నవంబరులో పువ్వును మళ్లీ చేతపట్టుకొని, రేకులు ఒకదానిపై ఒకటి ఒరిగిన తీరునూ, మధ్యనుంచి బయటికి పొడుచుకు వచ్చిన కేసరాల కాడనూ గీసింది. పాత పేజీ తిప్పి చూసి, ఏమి వదిలేసిందో నేను చెప్పకముందే తానే చెప్పింది. ఆ పాత పేజీ చిరిగిపోయి ఉంటే నేను ఎంత చెప్పినా ఆ పాఠం అంత లోతుగా నాటుకునేది కాదు.

ఆయిల్ పాస్టెల్స్ ఎదుటి పేజీకి అంటుకుంటున్నాయి. మధ్యలో బటర్ పేపర్ ముక్క ఉంచితే సరిపోతుంది. ధర మామూలు డ్రాయింగ్ పుస్తకం కంటే ఎక్కువే అయినా, కాగితాన్ని బట్టి చూస్తే అది న్యాయమైనదే. మూడవ తరగతి నుంచి పైవారికి ఇదే మందం ఉండి, చిల్లులు లేని రకాన్ని అడిగి కొనమని పాఠశాలలకు సూచిస్తాను. ఇప్పటికే ఈ పుస్తకం కొన్నవారు మొదటి రోజే చిల్లుల గీత వెంట వెనుకవైపు కాగితపు టేపు అంటించి, ప్రతి బొమ్మ కింద తేదీ వేయించండి.